అవ్వ ఒళ్లో కంప్యూటర్

వెనక మూత స్క్రూలు ఊడదీసి, సందులో గోరు పెట్టి లేపగానే ముందు వాసన వచ్చింది. ఎండకు కాగిన రేకు వాసన, పాత తీగల వాసన, వాటి కింద ఎక్కడో అడుగున బొగ్గు దుమ్ము వాసన. ఫ్యాను రెక్కలకు దుమ్ము కాటుకలా మెత్తగా పట్టి ఉంది. వేలితో తీస్తే వేలి గీతల్లో దిగబడి, సబ్బుతో రెండుసార్లు కడిగినా పోలేదు. ఈ చిన్న కంప్యూటర్ మా రజితక్కది. కరీంనగర్‌లో ఇల్లు మారుతూ దీన్ని పాత సామాన్ల బండికి వేస్తానంటే, వద్దని చెప్పి నేను మంచిర్యాలకు తెచ్చుకున్నాను. టేబుల్ మీద రెండు పొట్లాలు పెట్టుకున్నాను, ఒకదాంట్లో కొత్త మెమరీ ముక్క, రెండోదాంట్లో అరచేతిలో ఇమిడిపోయే కొత్త డిస్కు. ఈ రెండూ మారిస్తే ఎంత ముసలి కంప్యూటర్ అయినా లేచి పరుగెడుతుందని షాపువాళ్లు చెప్పారు. పరుగెత్తేవే నాకు కావాలి. చాయ్ మరిగేదాకా పొయ్యి దగ్గర నిలబడలేను, లిఫ్టు కోసం ఆగలేక మెట్లెక్కుతాను, తెర మీద చక్రం తిరుగుతుంటే కాళ్లు వాటంతటవే ఆడతాయి. ఈ తొందర నాకు ఏ ఇంట్లో అంటుకుందో ఆ నల్ల దుమ్ము చూశాక గుర్తొచ్చింది.

గోదావరిఖనిలో మాది కంపెనీ క్వార్టర్. మా లైనే ఆఖరిది. దాని తర్వాత తుమ్మ పొదలు, పొదల తర్వాత ముళ్లకంచె, కంచె అవతల ఓపెన్‌కాస్టు, అంటే భూమిని పైనుంచి తొలుచుకుంటూ పోయే బొగ్గు గని. పొద్దున అమ్మ తడిగుడ్డతో తుడిచిన గిన్నెల అల్మారా మధ్యాహ్నానికి మళ్లీ నల్లబడేది. ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రానికి బూడిద రంగుకు వచ్చేది. బతుకమ్మకు బాపు సైకిల్ మీద తెచ్చిన తంగేడు పూలను, గునుగు పూలను బకెట్లో ముంచి లేపితే నీళ్లు నల్లగా తిరిగేవి, ఆ పూలు మాత్రం కడిగిన ముఖాల్లా మెరిసేవి. బతుకమ్మ ఆఖరి రోజు, సద్దుల నాడు, అమ్మ చేసే నువ్వుల ముద్దలు, పల్లీల పొడి, రొట్టెలు నలిపి బెల్లం పట్టించిన మలీద ముద్దలు చేతిలో పట్టుకుని లైనంతా తిరిగేవాళ్లం. వానాకాలం ఇళ్ల ముందు కాలువలో నల్లటి నీళ్లు పారితే కాగితం పడవలు వదిలి వాటి వెంట చివరిదాకా ఉరికేవాళ్లం. చలికాలం బొగ్గుల కుంపటి చుట్టూ కూర్చుని ముందు వైపు కాలుతుంటే వెనక్కి తిరిగి, వెనక కాలుతుంటే ముందుకు తిరిగేవాళ్లం. ఎండాకాలం గురించి ఏం చెప్పను, గచ్చు మీద బకెట్ల కొద్దీ నీళ్లు కుమ్మరించి, తడిసిన చోట చాప పరిచి, అంబలి తాగి, ఉప్పూ కారం అద్దిన మామిడికాయ ముక్కలు పళ్లు పులిసేదాకా నమిలి, అష్టాచెమ్మ ఆడుతూ, గెలిచేవాళ్లు ఓడేవాళ్లు ఇద్దరూ చెమటతో తడిసి పోట్లాడుకునేవాళ్లం.

బాపు భూగర్భ గనిలో పనిచేసేవాడు. ఆయన షిఫ్టును బట్టి మా ఇల్లు మెలకువగా ఉండేది, ఆయన షిఫ్టును బట్టి గుసగుసలాడేది. నైట్ డ్యూటీ చేసి వచ్చి పడుకున్న మనిషి అమ్మ గరిటె కింద పడేస్తే లేచి కూర్చునేవాడు గానీ, పక్కనే బ్లాస్టింగు జరిగితే ఇటు తిరిగి పడుకునేవాడు. అంతగా అలవాటైపోయింది ఆ చప్పుడు మా వాళ్లకు.

బ్లాస్టింగు అంటే బొగ్గు మీదున్న రాతిని మందు పెట్టి పేల్చడం. మధ్యాహ్నం నేను బడి నుంచి అన్నానికి ఇంటికొచ్చే వేళకు సైరన్ మోగేది. ఆ సైరన్‌కూ పేలుడుకూ మధ్య ఉన్న కాస్త సేపట్లో మా లైను ఆడవాళ్లు చేసే పని ఇంకెక్కడా చూడలేదు నేను. అద్దాలు పగలకుండా కిటికీలు బార్లా తెరిచేవారు, అల్మారాల్లో పగిలేవి, దొర్లేవి ఏవున్నాయో అన్నీ దించేసేవారు, దించినవాటిని కింద పెట్టకుండా ఒళ్లో పెట్టుకుని వాకిట్లో కూర్చునేవారు. ఎవరి వస్తువు వాళ్లది. అమ్మ ఊరగాయ జాడీ, నేను గోడ అద్దం, పక్కింటి చిన్నమ్మ దేవుడి పటాలు. కాళ్ల కింద నేల ఒక్కసారి పక్కకు జరిగినట్టయ్యేది, రేకులు గలగలలాడేవి, దుమ్ము లేచేది, మళ్లీ ఎవరి వస్తువు వాళ్లు ఎక్కడిదక్కడ పెట్టేసి అన్నాలకు కూర్చునేవాళ్లం. ఎవరూ దాని గురించి మాట్లాడుకునేవాళ్లు కూడా కాదు.

ఈ పనిలో మా అవ్వకు చోటు లేకుండా పోయింది. అవ్వ అంటే బాపు వాళ్లమ్మ. వెనకటికి సైరన్ మోగితే తొట్టెలలోని పిల్లలను ఎత్తుకుని బయటికి ఉరికేది ఆమేనట. అక్కను అట్లాగే పట్టుకుంది, నన్నూ పట్టుకుంది. మేం పెద్దవాళ్లమయ్యాం, ఆమె మోకాళ్లు అరిగాయి. నులక మంచం మీద కాళ్లు చాపుకుని, సైరన్ మోగినప్పుడల్లా అటూ ఇటూ ఉరుకుతున్న మమ్మల్ని చూస్తూ ఊరికే చేతులు పిసుక్కునేది. అమ్మ కూర్చోమంటే కూర్చునేది గానీ, తనకేదైనా ఇమ్మని అడగలేక, అడగకుండా ఉండలేక, ఇగ నన్నే ఎవలన్న పట్టుకోవాలె అని సణుక్కునేది.

అట్లాంటప్పుడు మా ఇంట్లోకి ఈ కంప్యూటర్ వచ్చింది. అక్క పాలిటెక్నిక్‌లో సివిల్ చదువుతోంది. ఆఖరి ఏడాది ప్రతి ఒక్కరూ ఒక కట్టడం ప్లాను కంప్యూటర్‌లో గీసి ఇవ్వాలి. అది ఇవ్వకపోతే డిప్లొమా చేతికి రాదు, ఏడాది పోతుంది. బాపు బసంత్‌నగర్‌లో ఎవరి దగ్గరో వాడింది మాట్లాడి, తువ్వాలలో చుట్టి తెచ్చాడు. చిన్నది, ముద్దుగా ఉంది, మూత తెరిస్తే నీలం వెలుగు. అమ్మ బొట్టు పెట్టింది. మరుసటి రోజు సైరన్ మోగగానే ఇంట్లో అందరూ ఒకేసారి దాని వైపు చూశాం, ఇంత సున్నితమైన వస్తువును ఎవరు పట్టుకోవాలని. అందరి చేతుల్లోనూ ఏదో ఒకటి ఉంది. అవ్వ చేతులు మాత్రం ఖాళీగా చాపి ఉన్నాయి. అక్క తీసుకెళ్లి ఆమె ఒళ్లో పెట్టింది.

ఆ రోజు నుంచి అవ్వ మనిషే మారిపోయింది. అన్నం తొందరగా తినేసి, చేతులు కడుక్కుని, చీర కొంగుకు తుడుచుకుని, సైరన్ కన్నా ముందే తయారుగా కూర్చునేది. పక్కింటి చిన్నమ్మ ముచ్చట పెట్టడానికి వస్తే, నాకు డ్యూటీ ఉన్నదని పంపించేసేది. కంప్యూటర్‌ను ఒళ్లో పెట్టుకుని, దుమ్ము పడకుండా కొంగు కప్పి, పైన వంగి, నేల అదిరే క్షణానికి ఒక్క ఉదుటున గుండెకు ఎత్తుకునేది. అక్క దాన్ని బందు చేసి ఇచ్చేది కాదు. బందు చేస్తే మళ్లీ తెరుచుకోవడానికి అంతసేపు పట్టేది మరి. నడుస్తున్నదాన్ని నడుస్తున్నట్టే తీసి ఇచ్చేది, అది గుర్రుమంటూ అవ్వ ఒళ్లో ఉండేది, పేలుడు అయిపోయాక వెచ్చగా తిరిగొచ్చేది.

అక్క గీస్తున్నది ఊరి దవాఖాన ప్లాను. అవ్వ దృష్టిలో అక్క ఆ పెట్టె లోపల నిజంగానే దవాఖాన కడుతోంది. గోడలు లేచినయా, స్లాబు పడ్డదా అని రోజూ అడిగేది. అక్క కూడా, సిమెంటు రాలేదవ్వా అనేది. దసరా పోయింది, చలి వచ్చింది, దవాఖాన ఎంతకూ లేవలేదు. కంప్యూటర్ రోజురోజుకూ మొండికేసింది. ఒక గీత గీస్తే అది తెర మీద కనబడేలోపు అక్క లేచి నీళ్లు తాగొచ్చేది. ఫైలు తెరవమంటే ఇసుక గడియారం బొమ్మ తిరుగుతూనే ఉండేది. అక్క జడ విప్పి మళ్లీ అల్లుకునేది, నేను అటు గది నుంచి ఇటు గదికి తిరిగేదాన్ని, అమ్మ వంటింట్లోంచి అయ్యిందా అని అరిచేది, నైట్ షిఫ్టు చేసొచ్చిన బాపు పక్క మీద దొర్లుతూ, గనిలో బొగ్గు కూడా ఇంతకన్నా జల్దిగ పైకొస్తది అనేవాడు. తెర ముందు కూర్చున్నది ఒక్కరే అయినా ఇల్లంతా కాలు నిలవక తిరిగేది. అక్కకు కలలో కూడా ఆ ఇసుక గడియారమే కనిపించేదట. సంవత్సరం పోతుందన్న భయంతో ఊరికే విసుక్కునేది, విసుక్కున్నందుకు ఏడ్చేది.

చలి తగ్గే రోజుల్లో ఒక ఆదివారం అక్క, నేను కంప్యూటర్‌ను సంచిలో పెట్టుకుని చౌరస్తా దగ్గర రిపేరు షాపుకు వెళ్లాం. షాపాయన పేరు సదానందం. మెమరీ పెంచి, డిస్కు పెద్దది వేస్తే స్పీడు వస్తుందని అక్క క్లాసులో ఎవరో చెప్పారు. సదానందం అన్న మూత తీసి, లోపలి నలుపు చూసి నవ్వి, బ్రష్షుతో దులిపి, కొత్త మెమరీ ముక్కను సందులో పెట్టి నొక్కాడు. ఆ తర్వాత డిస్కు తీసి తన కంప్యూటర్‌కు తగిలించి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఆయన నవ్వు ఆగిపోయింది. మాకూ వినిపించింది, లోపల ఏదో టిక్కు టిక్కుమని కొట్టుకోవడం.

"దీన్ని నడుస్తుండంగ లేపుతున్నరా?" అని అడిగాడు.

అక్క బ్లాస్టింగు సంగతి చెప్పింది, అవ్వ పట్టుకుంటుందని గొప్పగానే చెప్పింది. ఆయన డిస్కు బల్ల మీద పెట్టి మెల్లగా చెప్పాడు. దీని లోపల ఒక పళ్లెం గిరగిరా తిరుగుతూ ఉంటుంది, దాని మీద వెంట్రుకవాసి ఎత్తులో ఒక ముల్లు ఉంటుంది, నడుస్తున్నప్పుడు ఉదుటున లేపితే ముల్లు పళ్లేన్ని గీకుతుంది, గీకిన చోటల్లా అది తడుముకుంటుంది, అందుకే ఇంత నిదానం. నేల మీద బొంత పరిచి దాని మీద వదిలేస్తే పేలుడు అదురుకు అంతగా ఏమీ అయ్యేది కాదట, ఎత్తుకోవడంతోనే చెడిందట. పాత డిస్కులోంచి తీయగలిగినంత తీసి, కొత్త డిస్కు వేసి అందులో పెట్టాడు. దవాఖాన ప్లాను నెలల కిందటిది ఒకటి దొరికింది. గోడలున్నాయి, తలుపులూ కిటికీలూ లేవు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటో ఎక్కుదామంటే అక్క వినలేదు. సంచిని రెండు చేతులా పొట్టకు పట్టుకుని, అంత నిదానంగా ఎప్పుడూ నడవని మనిషి, అడుగులో అడుగు వేస్తూ నడిచింది. నాకు అవ్వ మీద కోపం వచ్చింది. ఇంటికి పోయి చెప్పేద్దాం, మళ్లీ ముట్టనియ్యొద్దు అన్నాను. అక్క లైను మొదట్లో ఆగింది.

"అవ్వకు చెప్పద్దు. అమ్మకు, బాపుకు నేను చెప్త. ఆమెకున్నది గదొక్కటే పని, గది చెడగొట్టింది నువ్వే అంటె ఎట్లుంటది."

మర్నాటి నుంచి కంప్యూటర్ నిజంగానే పరుగెత్తింది. గీత గీస్తే గీత పడేది, తెరవమంటే తెరుచుకునేది, అక్క తలుపులు పెట్టింది, కిటికీలు పెట్టింది. కానీ అన్నం వేళకు, ఎంత పనిలో ఉన్నా, సైరన్ మోగకముందే అక్క ఫైళ్లన్నీ దాచి, మూసి, కంప్యూటర్ పూర్తిగా ఆగేదాకా చూసి, అప్పుడు తీసుకెళ్లి అవ్వ ఒళ్లో పెట్టేది. అవ్వ ఎప్పట్లాగే కొంగు కప్పేది, ఎప్పట్లాగే గుండెకు ఎత్తుకునేది. దుమ్ము అణిగాక మళ్లీ మొదటినుంచీ. రోజూ ఆ మూయడం, తెరవడం, ఎక్కడ ఆగిందో వెతుక్కోవడం అక్క ప్రాణం తోడేసేవి. అక్కా వద్దే, ఒక్క రోజు ఇవ్వకుంటే ఏమవుతుంది అని నేను గుణిగేదాన్ని. ఆమె నా వైపు ఒక చూపు చూసేది, అంతే. బాపు ఇంట్లో ఉన్న రోజు సైరన్ ముందు బందు చేయమని తనే గుర్తు చేసేవాడు.

ఉగాది దాటింది. ఎండ ముదిరింది, పగలు గచ్చు మీద కాలు పెట్టలేకపోయేవాళ్లం. ప్లాను ఇవ్వాల్సిన ముందు రోజు అది. అక్క నేల మీద బొంత పరిచి కంప్యూటర్ దాని మీద పెట్టుకుని, దవాఖాన అంతా పూర్తి చేసి, పెద్ద కాగితం మీద ముద్రించడానికి తయారుచేయమని కంప్యూటర్‌కు చెప్పింది. కొత్త మెమరీ ఉన్నా అది పెద్ద పని. తెర మీద ఆకుపచ్చ గీత మెల్లగా కుడివైపుకు పాకుతోంది. సాయంత్రంలోపు ప్రింటు షాపులో ఇస్తేనే పొద్దున కాలేజీకి అందుతుంది. మధ్యలో ఆపితే మొత్తం మళ్లీ మొదలుపెట్టాలి, అప్పటికి షాపు మూసేస్తారు. అక్క గోళ్లు కొరుకుతోంది, నేను గుమ్మంలోకీ లోపలికీ తిరుగుతున్నాను, అమ్మ జాడీ దించేసింది. గీత సగం కూడా దాటలేదు. సైరన్ మోగింది.

అక్క అవ్వ వైపు చూసింది, తెర వైపు చూసింది. ఆమె చెయ్యి బందు చేసే బటన్ మీదికి వెళ్లింది. ఏడాది పోతుందని తెలిసి కూడా వెళ్లింది. నేను అరవబోయాను.

"ఉండనియ్యి బిడ్డా," అంది అవ్వ మంచం మీది నుంచి. "నడిచేదాన్ని నడవనియ్యి. లేపద్దు."

అక్క కదల్లేదు. "ఎవలు చెప్పిన్రే నీకు?"

"ఎవలు చెప్పాలె. ముందుగాల నా ఒళ్లె గుర్రుమంటుండె. మీరు షాపుకు పోయొచ్చిన కాడికెల్లి సప్పుడు లేదు. నడిచేటప్పుడు పట్టుకుంటె చెడ్తదని, బందు చేసి ఇస్తున్నరని తెల్వదా నాకు."

"మరి రోజు ఎందుకు పట్టుకున్నవే?"

"నువ్వు ఇస్తుంటివి. వద్దంటె నీ మనసు ఎట్లనో అయితదని."

నేల అదిరింది. రేకులు గలగలలాడాయి. కంప్యూటర్ బొంత మీద ఉన్నచోటే ఉంది, గీత ఆగకుండా పాకుతూనే ఉంది, దాని వైపు ఎవరూ చూడలేదు. అక్క వెళ్లి మంచం పక్కన నేల మీద కూలబడి అవ్వ ఒళ్లో తల పెట్టింది. అవ్వ దుమ్ము పడకుండా ఆమె తల మీద కొంగు కప్పి, పైన వంగింది. నేను గోడ అద్దం పట్టుకోవడమే మరిచిపోయాను. అది మేకుకు ఊగి ఊగి ఆగింది.

ప్రింటు అందింది, డిప్లొమా వచ్చింది, అక్క కరీంనగర్‌లో ఇళ్ల ప్లాన్లు గీసే ఉద్యోగంలో చేరింది. కానీ ఆ మర్నాటి నుంచి సైరన్ మోగితే అవ్వ చేతులు చాపలేదు, మేము ఇవ్వలేదు. ఇద్దరి మధ్యా దాపరికం పోయిన తర్వాత దాన్ని ఎట్లా ఇవ్వాలో ఎవరికీ తెలియలేదు. బందు చేసి ఇస్తే నాటకం, ఇవ్వకపోతే ఆమె చేతులు ఖాళీ. అవ్వ ఏమీ అనుకోనట్టే గోడ వైపు తిరిగి పడుకునేది. రెండో వానాకాలం అవ్వ పోయింది. బాపు రిటైరయ్యాక మేము క్వార్టర్ ఖాళీ చేశాం. తర్వాత ఓపెన్‌కాస్టు ముళ్లకంచెను జరిపింది, తుమ్మ పొదలను తిన్నది, మా లైనును తిన్నది. మొన్న అటు పోయినప్పుడు చూశాను. మేము కాగితం పడవలు వదిలిన కాలువ ఉండాల్సిన చోట ఎంతో లోతున మట్టి మోసే డంపర్లు చీమల్లా తిరుగుతున్నాయి. పిల్లల్ని, జాడీలను, పటాలను ఒళ్లో పెట్టుకుని వాకిట్లో కూర్చునే ఆడవాళ్లూ లేరు, వాకిళ్లూ లేవు.

మెమరీ ముక్క బిగించాను. కొత్త డిస్కు పెట్టి, మూత వేసి, బటన్ నొక్కాను. నేను కుర్చీలో సర్దుకుని కూర్చునేలోపే తెర వెలిగింది. అక్క పాత ఫైళ్లు అందులోకి ఎక్కించి దవాఖాన ప్లాను తెరిచాను; తెరవమన్నానో లేదో తలుపులతో, కిటికీలతో వచ్చి ఎదురుగా నిలబడింది. వెంటనే అక్కకు ఫోన్ చేసి చెప్పాను, ఎంత జల్దిగా తెరుచుకుంటుందో, చప్పుడే లేదని, ఈ డిస్కులో తిరిగే పళ్లెమూ లేదు, ముల్లూ లేదని. నా ఉత్సాహంలో నేను చెప్పుకుంటూ పోతుంటే అక్క అంతా విని ఒక్కటే అడిగింది.

"నడుస్తుండంగ లేపితె?"

"ఏం కాదట అక్కా. ఎంత కుదిపినా ఏం కాదట."

అక్క అంది.

"గిది అవ్వ ఉన్నప్పుడు లేకపాయె."